యూఎస్‌బీ హోస్ట్ కంట్రోలర్లకు ఫర్మ్‌వేర్ ఎక్కించడం

కంప్యూటర్‌లో యూఎస్‌బీ సాకెట్ల వెనక ఉండి పనిచేసే చిప్‌ను హోస్ట్ కంట్రోలర్ అంటారు. కీబోర్డు, పెన్‌డ్రైవ్, ప్రింటర్, వేలిముద్రల స్కానర్ ఏది తగిలించినా ముందు దాన్ని పలకరించేది ఈ చిప్పే. ఇప్పటి హోస్ట్ కంట్రోలర్లలో చాలావాటి లోపల ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. అది నడవడానికి కావలసిన ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. దాన్ని చిప్ పక్కన చిన్న రోమ్‌లో రాసిపెట్టి అమ్మవచ్చు. లేదా రోమ్ పెట్టకుండా వదిలేసి, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డ్రైవర్ చేత చిప్ ర్యామ్‌లోకి ఎక్కించవచ్చు. రెండో పద్ధతిని చాలామంది తయారీదారు పిసినారితనంగానే చూస్తారు. రోమ్ ఖర్చు మిగుల్చుకుని ఆ భారం డ్రైవర్ నెత్తిన పెట్టారన్నది వారి ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. అయినా కంప్యూటర్ కొన్నవారు దాన్ని ఏళ్ల తరబడి వాడుకునే చోట, కరెంటు మీద పూర్తి భరోసా లేని చోట, కంపెనీ సర్వీసు సెంటరు జిల్లా కేంద్రం దాటి రాని చోట రెండో పద్ధతే మేలని ఈ వ్యాసం వాదన. కర్నూలు, కడప జిల్లాలు అలాంటి చోట్లే. అయితే ఆ మేలుకు ఒక షరతు ఉంది. ఫర్మ్‌వేర్ ఫైలును ఎవరైనా పంచుకోవడానికి కంపెనీ అనుమతి ఇవ్వాలి. ఆ షరతు తప్పితే వాదనంతా తలకిందులవుతుంది.

యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. అప్పటి హోస్ట్ కంట్రోలర్లకు పెద్ద తెలివి అక్కరలేదు. ఇంటెల్ రూపొందించిన యూహెచ్‌సీఐ పద్ధతిలో ఏ పరికరానికి ఏ క్షణంలో ఎన్ని బైట్లు పంపాలో లెక్కంతా డ్రైవరే కట్టి జాబితాగా మెమరీలో పెట్టేది. చిప్ ఆ జాబితాను చదువుకుంటూ పోయేది. కాంపాక్, మైక్రోసాఫ్ట్, నేషనల్ సెమీకండక్టర్ కలిసి తెచ్చిన ఓహెచ్‌సీఐ మరికొంత పని చిప్‌కు అప్పగించింది. యూఎస్‌బీ 2.0 వేగాల కోసం ఈహెచ్‌సీఐ వచ్చింది. 2008 నవంబరులో యూఎస్‌బీ 3.0 ప్రమాణం వెలువడ్డాక ఎక్స్‌హెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి పాతవాటన్నిటి స్థానం తీసుకుంది. ఇందులో డ్రైవర్ చేసేదల్లా మెమరీలో ఆదేశాల వరుస ఒకటి, డేటా వరుసలు కొన్ని పేర్చి, చిప్‌లోని డోర్‌బెల్ రిజిస్టర్‌ను తట్టడమే. పరికరానికి చిరునామా ఇవ్వడం, బస్సు సమయాన్ని పంచడం, పని పూర్తయిందని కబురు చెప్పడం చిప్ చూసుకుంటుంది. ఇంత పనిని కేవలం గేట్లతో కట్టడం కష్టం; కట్టినా, తప్పు దొరికితే దిద్దడం అసాధ్యం. అందుకే తయారీదారులు చిప్ లోపల ప్రాసెసర్ పెట్టి, పనిలో కొంత భాగాన్ని ఫర్మ్‌వేర్‌కు వదిలారు. కొత్త ప్రమాణం తెచ్చిన పని బరువు నుంచి ఫర్మ్‌వేర్ పుట్టింది. ఎవరి బద్ధకం నుంచో కాదు.

లినక్స్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవర్‌ను ఇంటెల్‌లో పనిచేసిన సేజ్ షార్ప్ రాశారు. 2009 సెప్టెంబరులో వచ్చిన 2.6.31 కెర్నెల్‌తో అది జనానికి అందింది. దాదాపు అదే సమయంలో జపాన్‌కు చెందిన ఎన్ఈసీ ఎలక్ట్రానిక్స్ తొలి యూఎస్‌బీ 3.0 హోస్ట్ కంట్రోలర్ చిప్ ప్రకటించింది. 2010లో ఆ కంపెనీ రెనెసాస్‌లో కలిసింది. తర్వాత రెనెసాస్ తెచ్చిన యూపీడీ 720201, 720202 చిప్‌లే ఈ వ్యాసానికి అసలు ఉదాహరణ. మొదటిదానికి నాలుగు పోర్టులు, రెండోదానికి రెండు. బోర్డు తయారుచేసేవాడు వీటి పక్కన రోమ్ పెట్టవచ్చు, మానవచ్చు. రోమ్ మానేసిన బోర్డు మీద లినక్స్ నడిపితే చిప్ కనిపిస్తుంది, కానీ పోర్టులు పలకవు. వైఫై రౌటర్లకు లినక్స్ అందించే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు కోసం క్రిస్టియన్ లాంపార్టర్ ఫర్మ్‌వేర్ ఎక్కించే కోడ్ రాశారు. లినారో సంస్థలో పనిచేసిన భారతీయ కెర్నెల్ డెవలపర్ వినోద్ కౌల్ దాన్ని తీసుకుని, ఎన్నోసార్లు తిరగరాసి, 2020లో 5.8 కెర్నెల్‌లో చేర్పించారు.

ఆ డ్రైవర్ చేసే పనిని దగ్గరగా చూస్తే ఈ పద్ధతి ఎంత జాగ్రత్తతో కూడుకున్నదో తెలుస్తుంది. ముందుగా అది చిప్‌కు రోమ్ ఉందా, అందులోంచి ఫర్మ్‌వేర్ సరిగా ఎక్కిందా అని రిజిస్టర్లు చదివి చూస్తుంది. ఎక్కి ఉంటే మరి దేన్నీ ముట్టుకోదు. రోమ్ లేకపోతే, బయోస్ గానీ అంతకుముందు నడిచిన కెర్నెల్ గానీ ఇప్పటికే ర్యామ్‌లోకి ఎక్కించిందా అని అడుగుతుంది. రెండూ లేవని తేలాకే ఫైలు కోసం కెర్నెల్‌ను అడుగుతుంది. దొరికిన ఫైలును కళ్లు మూసుకుని పంపదు. సైజు 4 కిలోబైట్లకు తక్కువ కాకూడదు, 64 కిలోబైట్లకు మించకూడదు. మొదటి రెండు బైట్లు నిర్ణయించిన గుర్తుతో సరిపోవాలి. వెర్షన్ సంఖ్య ఉన్న చోటు ఫైలు హద్దుల లోపలే ఉండాలి. అప్పుడు చిప్‌కు డౌన్‌లోడ్ మొదలని చెప్పి, నాలుగేసి బైట్ల చొప్పున రెండు డేటా రిజిస్టర్లలో మార్చి మార్చి రాస్తుంది. ఒక్కో ముక్క రాశాక చిప్ దాన్ని తీసుకున్నానని బిట్ దించే వరకు ఆగుతుంది. 10 మైక్రోసెకన్ల విరామంతో 10,000 సార్ల దాకా చూసి, అప్పటికీ జవాబు లేకపోతే తప్పుకుంటుంది. చివరి ముక్క అందాక డౌన్‌లోడ్ ముగిసిందని చెప్పి, ఫలితం బిట్లు చదువుతుంది. విజయమని వస్తేనే మామూలు ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవర్ రంగంలోకి దిగుతుంది. కంటికి కనిపించని వేగంతో సాగే ఈ తతంగంలో ప్రతి అడుగూ వెనక్కి తీసుకోదగినదే. మధ్యలో కరెంటు పోతే చిప్ ర్యామ్ ఖాళీ అవుతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు మొదటి నుంచీ మొదలవుతుంది.

రోమ్‌లోకి రాయడం వేరే కథ. రెనెసాస్ చిప్‌లో రోమ్‌ను చెరపాలంటే ఒక ప్రత్యేక సంఖ్య రాయాలి. ఆ సంఖ్యలోని నాలుగు బైట్లను అక్షరాలుగా చదివితే ఇంగ్లిషులో 'జీరో' అనే మాట వస్తుంది. పొరపాటున ఎవరూ చెరపకూడదని పెట్టిన తాళం అది. రోమ్ ఉండి, అందులో సరైన ఫర్మ్‌వేర్ లేదని తేలితే లినక్స్ డ్రైవర్ ముందు రోమ్‌ను చెరిపి, కొత్తది రాయడానికి ప్రయత్నిస్తుంది. అది కుదరకపోతే ర్యామ్ దారి పడుతుంది. ఈ వరుసలోనే నా వాదనకు గట్టి సాక్ష్యం ఉంది. చెరపడానికీ రాయడానికీ మధ్య కరెంటు పోయిందనుకుందాం. రోమ్ మీదే ఆధారపడ్డ చిప్ అయితే ఆ యూఎస్‌బీ పోర్టుల పని అంతటితో సరి; విడిగా ప్రోగ్రామర్ పరికరం తెచ్చి రోమ్‌ను మళ్లీ రాయాలి. ఆ పని తెలిసినవారు ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో వెంటనే దొరకకపోవచ్చు. ర్యామ్ దారి ఉన్న చిప్ మాత్రం మరుసటి బూట్‌లో డిస్కు మీది ఫైలుతో లేచి కూర్చుంటుంది. యూపీఎస్ బ్యాటరీ ఎండిపోయిన ఆఫీసులో, వేసవి గాలివానకు లైను తెగే పల్లెలో ఈ తేడా చిన్నది కాదు.

రాస్ప్‌బెర్రీ పై 4 చరిత్ర కూడా ఇదే దిశలో నడిచింది. 2019 జూన్‌లో వచ్చిన ఆ బోర్డులో వీఐఏ కంపెనీ వీఎల్ 805 హోస్ట్ కంట్రోలర్ ఉంది. తొలి బోర్డులలో దానికి సొంత ఈఈప్రామ్ (మళ్లీ రాయదగిన రోమ్) ఉండేది. తర్వాతి బోర్డులలో దాన్ని తీసేశారు. ఫర్మ్‌వేర్‌ను బోర్డులోని వీడియోకోర్ ప్రాసెసర్ ఎక్కించేలా మార్చారు. లినక్స్ ఆ చిప్‌ను రీసెట్ చేసిన ప్రతిసారీ ఎక్కిన ఫర్మ్‌వేర్ పోతుంది కాబట్టి, మళ్లీ ఎక్కించమని డ్రైవర్ వీడియోకోర్‌కు కబురు పంపాలి. ఆ కబురు పంపే కోడ్ విడిగా రాయాల్సి వచ్చింది. ఎన్‌విడియా టెగ్రా చిప్‌లలోనూ హోస్ట్ కంట్రోలర్‌కు విడి ఫైలు కావాలి. అది అందరికీ అందుబాటులో ఉన్న లినక్స్ ఫర్మ్‌వేర్ సంచయంలోనే ఉంది. రోమ్ లేని హోస్ట్ కంట్రోలర్ వింత కాదు, మూల పడేసిన చౌక సరుకూ కాదు.

మన ఊళ్లలో ఈ సంగతి యూఎస్‌బీ తీగ అవతలి వైపు నుంచి ఎప్పుడో పరిచయమైంది. దేశమంతటా జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నడిచిన హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్‌కు సొంత ఫర్మ్‌వేర్ లోపల నిలవదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే యూఎస్‌బీ తీగ గుండా పంపాలి. విండోస్‌లో డ్రైవర్ సీడీతోపాటే ఆ ఫైలు వస్తుంది కాబట్టి వాడేవారికి ఈ ముచ్చటే తెలియదు. లినక్స్ వేస్తే మాత్రం ప్రింటర్ లైట్లు వెలుగుతాయి, క్యూలో పని కనిపిస్తుంది, కాగితం కదలదు. దీనికోసం ఫూటుజెడ్‌జెఎస్ అనే స్వేచ్ఛా డ్రైవర్‌లో ఫర్మ్‌వేర్‌ను ఇంటర్నెట్ నుంచి తెచ్చిపెట్టే చిన్న స్క్రిప్టు ఉండేది. హెచ్‌పీ సొంత లినక్స్ ప్యాకేజీ విడి ప్లగిన్ దింపుకోమంటుంది. నెట్ లేని గదిలో కూర్చున్న మనిషికి ఈ రెండూ ఉపయోగపడవు. ఈ ఉదాహరణ రెండు వైపులా పదునైనది. ఫర్మ్‌వేర్ విడి ఫైలుగా ఉండటం వల్లే ఇంత పాత ప్రింటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో బతుకు దొరికింది. ఆ ఫైలు డ్రైవర్‌తో కలిసి రాకపోవడం వల్లే ఎందరో లినక్స్‌ను తిట్టుకుని మళ్లీ విండోస్‌కు పోయారు.

ఈ వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం కోడి ముందా, గుడ్డు ముందా అన్నది. ఫైలు డిస్కు మీద ఉంది. ఆ డిస్కే యూఎస్‌బీ పోర్టుకు తగిలించి ఉంటే? లేదా డిస్కుకు పాస్‌వర్డ్ తాళం వేసి ఉండి, ఆ పాస్‌వర్డ్ కొట్టాల్సిన కీబోర్డు ఇదే చిప్ మీద ఆధారపడితే? ఇది నిజమైన చిక్కే. దీనికి జవాబు బూట్ తొలి దశలో మెమరీలోకి వచ్చే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లోనే ఫర్మ్‌వేర్ ఫైలును చేర్చడం. ఏ డ్రైవర్‌కు ఏ ఫైలు కావాలో ఆ డ్రైవర్ మాడ్యూల్‌లోనే రాసి ఉంటుంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ తయారుచేసే పనిముట్లు దాన్ని చదివి ఫైలును కలుపుకుంటాయి. 2012 డిసెంబరు నాటి 3.7 కెర్నెల్ నుంచి లినక్స్ ఈ ఫైలును యూడెవ్ అనే బయటి ప్రోగ్రామును అడగకుండా నేరుగా ఫైల్ సిస్టమ్ నుంచే చదువుతోంది. కంప్యూటర్‌ను నిద్రపుచ్చి లేపేటప్పుడు డిస్కు ఇంకా సిద్ధం కాకముందే ఫర్మ్‌వేర్ అవసరమవుతుంది. దానికోసం నిద్రపోయే ముందే ఫైళ్లను మెమరీలో దాచుకునే ఏర్పాటు కూడా ఉంది. ఇన్ని ఉన్నా జాబితాలో ఒక్క ఫైలు పేరు తప్పితే బూట్ ఆగిపోతుందన్నది ఒప్పుకోవాలి. రెనెసాస్ డ్రైవర్ విషయంలోనే అందుకు ఎదురు తప్పు జరిగింది. రెనెసాస్ మద్దతు కలపకుండా కట్టిన కెర్నెల్‌లో కూడా ఈ ఫైలు కావాలని మాడ్యూల్ చెప్పుకునేది. అవసరం లేని ఫైలు దొరకలేదని తనిఖీ పనిముట్లు గగ్గోలు పెట్టేవి. 2021లో దాన్ని దిద్దారు. దిద్దుబాటు కొద్ది వరుసల కోడ్‌తో అయిపోయింది, చిప్‌లను ఎవరూ ముట్టుకోలేదు. రోమ్‌లో జరిగే తప్పులు ఇంత తేలిగ్గా తీరవు.

రెండో అభ్యంతరం భద్రత గురించి. హోస్ట్ కంట్రోలర్ కంప్యూటర్ మెమరీని నేరుగా చదవగలదు, రాయగలదు. దాని ఫర్మ్‌వేర్ ఒక మామూలు ఫైలుగా డిస్కు మీద ఉంటే, దొంగ చేతిలో పడితే ఏమవుతుందన్నది ప్రశ్న. ఆ ఫైలున్న డైరెక్టరీలో మార్పు చేయాలంటే రూట్ అధికారం ఉండాలి. రూట్ అధికారం చిక్కినవాడికి ఫర్మ్‌వేర్ దాకా పోవాల్సిన అవసరమే ఉండదు, కెర్నెల్‌నే మార్చగలడు. పైగా ఫైలుగా ఉన్న ఫర్మ్‌వేర్‌కు చెక్‌సమ్ తీసి, కర్నూలు ల్యాబ్‌లోని కంప్యూటర్‌లో ఉన్నదీ హైదరాబాద్‌లో ఉన్నదీ ఒకటేనా అని ఒక్క కమాండ్‌తో పోల్చవచ్చు. డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలకు డిజిటల్ సంతకం ఉంటుంది. రోమ్‌లో దాగిన ఫర్మ్‌వేర్‌ను అలా పోల్చాలంటే ప్రతి చిప్‌నూ విడివిడిగా చదవాలి. చదవనివ్వని చిప్‌లూ ఉన్నాయి. చిప్ చేసే మెమరీ రాకపోకలకు ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ భాగం హద్దులు గీయగలదు, కానీ ఆ హద్దులు ఫర్మ్‌వేర్ ఎక్కడ నివసించినా ఒకటే. కనిపించని చోట ఉన్నది సురక్షితమన్న నమ్మకానికి ఆధారం లేదు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది, గౌరవించదగినది. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నుంచి వస్తుంది. సోర్స్ కోడ్ ఇవ్వని బైనరీని స్వేచ్ఛా కెర్నెల్ తన చేత్తో చిప్‌లోకి ఎక్కించడం ఆశయానికి విరుద్ధమని వారి మాట. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే లినక్స్ డెస్క్‌టాప్ కోసం 2005 నుంచీ కృషి చేసింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎందరో విద్యార్థులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాట మొదట విన్నది ఇలాంటి బృందాల దగ్గరే. వారి పట్టుదలను తేలిగ్గా తీసేయకూడదు. కానీ రోమ్‌లో ఉన్న ఫర్మ్‌వేర్ కూడా అదే బైనరీ, దానికీ సోర్స్ లేదు. కంటికి కనబడదు కాబట్టి దాన్ని క్షమించి, ఫైలుగా ఎదురుగా నిలబడ్డదాన్ని వెలివేయడం వల్ల స్వేచ్ఛ అంగుళం కూడా పెరగదు. ఫైలుగా ఉన్నదాన్ని ఏదో ఒక రోజు స్వేచ్ఛా ఫర్మ్‌వేర్‌తో మార్చే దారి తెరిచి ఉంటుంది. రోమ్‌లో ముద్ర పడ్డదానికి ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. డెబియన్ సమాజం ఈ విషయం మీద ఏళ్ల తరబడి వాదించుకుని, 2022లో ఓటు పెట్టింది. హార్డ్‌వేర్ నడవడానికి కావలసిన ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఇవ్వాలని, అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్న సంగతి దాచకుండా విడి విభాగంలో ఉంచాలని తేల్చింది. 2023 జూన్ 10న విడుదలైన డెబియన్ 12 ఆ తీర్పును అమలు చేసింది. ఆశయం వదులుకోకుండా మనిషి అవసరం చూసిన ఈ పరిష్కారమే సరైనదని నా అభిప్రాయం.

ఇక షరతు సంగతి. 5.8 కెర్నెల్‌లో రెనెసాస్ డ్రైవర్ చేరేనాటికి దానికి కావలసిన ఫైలు లినక్స్ ఫర్మ్‌వేర్ సంచయంలో లేదు. కెర్నెల్ కట్టేటప్పుడు ఆ ఎంపిక దగ్గర కనిపించే సహాయ వాక్యం, ఫర్మ్‌వేర్ మీరే సంపాదించి సిస్టమ్‌లో పెట్టుకోండని వాడేవారికి చెబుతుంది. డ్రైవర్ రాసినవారి తప్పు కాదిది. పంచే హక్కు లేనిదాన్ని వారు పంచలేరు. టెగ్రా ఫైలు సంచయంలో ఉండటం, అప్పటికి రెనెసాస్ ఫైలు లేకపోవడం అనే ఒక్క తేడా పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. సాంకేతికంగా రెండూ ఒకే పని. ఒకదాంట్లో కొత్త లినక్స్ వేసిన గంటలో పోర్టులు పలుకుతాయి. రెండోదాంట్లో బోర్డు అమ్మినవారి వెబ్‌సైటు బతికి ఉన్నంత కాలమే. వెబ్‌సైటు మూతపడితే మంచి చిప్ కాస్తా చెత్తబుట్ట పాలవుతుంది. రోమ్ ఉన్న బోర్డుకు ఈ ముప్పు లేదు. అందుకే పంచే అనుమతి లేని చోట నేను కూడా రోమ్ ఉన్న బోర్డే కొనమంటాను.

కర్నూలు, కడప జిల్లాల్లో ఈ ఎంపిక చేయగలిగే చోట్లు ఉన్నాయి. కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయం, పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ల్యాప్‌టాప్ ఇచ్చి దాని మీదే చదువు చెప్పాలన్న ఆలోచనతో పుట్టింది. కర్నూలులో 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ డీఎం పేరులోనే డిజైన్, తయారీ ఉన్నాయి. కడప పక్కన కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్ వచ్చింది. గ్రామ సచివాలయాల్లో వేలిముద్రల స్కానర్లూ ప్రింటర్లూ యూఎస్‌బీ తీగల మీదే నడుస్తున్నాయి. కొనేవారు, తయారుచేసేవారు, నేర్చుకునేవారు ఒకే ప్రాంతంలో ఉండటం చిన్న అవకాశం కాదు. రెనెసాస్ డ్రైవర్ ఫర్మ్‌వేర్ భాగం ఒక విద్యార్థి రెండు మూడు రోజుల్లో చదివి అర్థం చేసుకోగలిగినంత చిన్నది. రిజిస్టర్లు, గడువులు, తప్పును పట్టుకోవడం, వెనక్కి తగ్గడం అన్నీ అందులో ఉన్నాయి. డ్రైవర్ పాఠానికి అంతకన్నా మంచి మొదటి నమూనా నాకు కనిపించలేదు.

కాలేజీలకు, ప్రభుత్వ శాఖలకు ఒక విన్నపం. కంప్యూటర్లకు, యూఎస్‌బీ కార్డులకు టెండర్ పిలిచేటప్పుడు ఒక్క వాక్యం చేర్చండి: బోర్డులోని ఏ చిప్‌కైనా ఆపరేటింగ్ సిస్టమ్ ఫర్మ్‌వేర్ ఎక్కించాల్సి ఉంటే, ఆ ఫైలును ఉచితంగా తిరిగి పంచుకునే అనుమతి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వలేనివారు రోమ్ ఉన్న బోర్డు ఇవ్వాలి. సరుకు దిగిన రోజే ఆ ఫైలు ప్రతి ఒకటి ల్యాబ్ సర్వర్‌లో చెక్‌సమ్‌తో సహా దాచిపెట్టండి.